పిడికెడు బియ్యం డ్రమ్ములు

ఆమోసు మంచివాడు. ఈ మాట ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఎవరిని అడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల బ్రేకులు బాగుచేసే ఫిట్టరు. తాగడు, పేకాడడు, జీతాల రోజున గేటు దగ్గర వడ్డీవాళ్ళు కాపు కాస్తే వాళ్ళ ముందునుంచే ఈల వేసుకుంటూ పోగలిగిన బహు కొద్దిమందిలో ఒకడు. ఆదివారం వస్తే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తెలుగు చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఆ మంచిపేరే అతని కొంప ముంచింది. అదే ఏ చెడ్డపేరున్నవాడో ఆ పని చేసివుంటే నాలుగు తిట్లతో పోయేది.

డోలక్ వాయించేవాడే గానీ ఆమోసు చేతులు నేర్చుకున్నది డోలక్ మీద కాదు. అతని తండ్రి లూకా, డిక్రూజ్ దొరగారింట్లో వంటవాడు. డెరిక్ డిక్రూజ్ ఆంగ్లో ఇండియన్, మెయిలు బండి డ్రైవరు. వారమంతా ఇంజను నడిపి, శనివారం సాయంత్రం రైల్వేవాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు జరిగితే డ్రమ్ములు వాయించేవాడు. ఇంగ్లండులో తయారై ఓడెక్కి వచ్చిన సెట్టు అది. కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము, చేతులకింద చిన్న డ్రమ్ములు, పక్కన కంచు పళ్ళేలు, ఒళ్ళంతా ముత్యపుచిప్ప మెరుపు. ఆమోసు అప్రెంటిసుగా చేరిన కొత్తలో, తండ్రి కోసం వచ్చి వరండాలో తచ్చాడుతుంటే దొర పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాడు. కాళ్ళూ చేతులూ పడని ఆలుమగల్లా ఎవరి దారిన వాళ్ళు పోతూనే ఒకే కాపురం చెయ్యాలిరా అని చెప్పి నేర్పాడు. నేర్పినందుకు ఏమీ పుచ్చుకోలేదు. ఆయన పోయాక ఆ సెట్టు దుప్పటి కప్పుకుని వరండా మూలన ఉండిపోయింది. ఆమోసు ఆ రోడ్డున సైకిలు మీద వెళ్ళినప్పుడల్లా మెడ తిప్పి ఆ దుప్పటి కేసి చూడకుండా పోలేదు.

ఇక చర్చి సంగతి. అక్కడి తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో ఒక ఆచారముంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. ఇంట్లో చుట్టాలున్నా వెయ్యాలి, గంజి కాచుకునే రోజైనా వెయ్యాలి. ఆదివారం అవన్నీ సంచుల్లో చర్చికి చేరతాయి. ఆరాధనయ్యాక వరండాలో వేలం వేస్తే, ఇచ్చినవాళ్ళే మళ్ళీ కొనుక్కుంటారు. ఆ సొమ్ము చర్చి పనులకి. పెళ్ళిళ్ళకీ పండగలకీ అరువెళ్ళి అరువెళ్ళి డోలక్ తోలు చిరిగిపోయింది. అదే సమయానికి అవతలి పేటలో చర్చివాళ్ళు ఎవరో ఇచ్చిన డ్రమ్ములు పెట్టుకునేసరికి మన కుర్రకారంతా పాటల వేళకి అటు జారుకోవడం మొదలెట్టారు. స్త్రీల సమాజం పెద్ద ఎస్తేరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇకమీదట బియ్యం సొమ్మంతా డ్రమ్ములకే అని తీర్మానం చేయించింది.

ఎస్తేరమ్మ భర్త రైల్వేలో కళాసీగా చేస్తూ చనిపోతే, ఆ ఉద్యోగం బదులు రైల్వే ఆసుపత్రిలో ఆయాపని ఇచ్చారు. ఆ కాగితాలు కదిలేదాకా ఆమె ఇంట్లో పొయ్యి ఒకపూటే వెలిగేది. ఆ ఒక్కపూటా పిడికెడు తీసి పక్కన పెట్టిందని ఆమోసుకి తెలుసు. అతను ఆమెని అత్తా అని పిలుస్తాడు. నెత్తురు చుట్టరికం కాదు, పక్కింటి గోడ చుట్టరికం. కాబట్టి, రెండేళ్ళయ్యాక సమాజం వాళ్ళు సొమ్ము రుమాల్లో మూటగట్టి, నువ్వయితేనే తెలిసి కొంటావు అని చేతిలో పెడితే, ఆమోసుకి అదెక్కడి డబ్బో చెప్పక్కర్లేకపోయింది. పద్దెనిమిది వందలు.

అది పట్టుకుని కలకత్తా వెళ్ళాడు. లాల్‌బజార్ వైపు వాయిద్యాల కొట్లన్నీ తిరిగాడు. అతని బడ్జెట్ విని ఒక కొట్టాయన నవ్వాపుకోలేక, ఈ డబ్బుకి పెద్ద డ్రమ్మొకటీ మా కొట్టు క్యాలెండరూ వస్తాయి దాదా అన్నాడు. ఆ కొట్లోనే ఒక మూల పాత ఇంగ్లీషు సెట్టొకటి ఉంది. అచ్చం దొరగారిదే, అదే ముత్యపు మెరుపు. ధర అడిగితే ఎనిమిది వేలన్నాడు. పాతదానికి అంతా అని ఆమోసు నోరు వెళ్ళబెడితే, పాతది కాబట్టే అంత, ఇప్పుడిలాంటివి చేసేవాడేడీ, మీ రైల్వే ఊళ్ళో ఎవరిదగ్గరైనా ఉంటే చెప్పు, ఆరు వేలు అక్కడికక్కడే ఇచ్చి పట్టుకుపోతాను అన్నాడు. అంటే తర్వాతి బేరం ఆమోసుకి ధర తెలియక జరిగిందని ఎవరూ అనడానికి లేదు. అతనూ అనుకోడానికి లేదు.

తిరిగొచ్చిన వారానికి డిక్రూజ్ భార్య సామాను అమ్మేస్తోందని తెలిసింది. కూతురు పెర్త్‌లో ఉందట, అక్కడికి వెళ్ళిపోతోందట. ఆమోసు శనివారం ఒంటిపూట డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని బయల్దేరాడు. దారిలో అంతా సరిగ్గానే ఆలోచించుకున్నాడు. దీని విలువ ఇంత, మా దగ్గరున్నది ఇంతే, మిగతాది నెలనెలా నా జీతంలోంచి పంపిస్తాను, దయ చూడండి, అని అడుగుదామనుకున్నాడు. ఆ మాటలు హిందీలో కూడా కూర్చుకున్నాడు.

దుప్పటి తీసేసరికి ఆ మాటలన్నీ ఎటో పోయాయి. బూజు కింద ఆ మెరుపు అలాగే ఉంది. కావాలి, ఎలాగైనా కావాలి, అని ప్రాణం లాగేసింది. వంగి చూశాడు. తోళ్ళు సడలాయి, ఇనుప కట్లు తుప్పుపట్టాయి, పెడల్ స్ప్రింగు పోయింది. కిరోసినూ, గరుకు కాగితమూ, బజార్లో దొరికే స్ప్రింగూ ఉంటే వారం రోజుల్లో కొత్తదవుతుందని ఫిట్టరు కళ్ళకి తెలుస్తూనే ఉంది. కానీ నోరేమో అవన్నీ రోగాల్లా ఒక్కొక్కటే చదివింది. సంతలో గేదె పళ్ళు చూసి పెదవి విరిచే బేరగాడిలా తల కూడా ఆడించాడు. ముసలావిడ పక్కన నిలబడి అంతా విన్నది. వంటవాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెకి బాగానే వచ్చు.

"నాకు దీని ధర తెలీదు, ఏమోస్," అంది, అతని పేరుని ఇంగ్లీషులో పలుకుతూ. "నువ్వు డెరిక్ దగ్గర నేర్చుకున్నావు. నువ్వే చెప్పు, ఎంత?"

చూడండి, అంతకన్నా మంచి గుమ్మం ఎవరు తెరుస్తారు? కూర్చుకున్న మాటలు చెప్పెయ్యడానికి అదే సమయం. ఆమోసు చెయ్యి జేబులో రుమాలు మూట మీద ఉంది.

"పద్దెనిమిది వందలు మేమ్‌సాబ్," అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "అంతకన్నా ఎవరూ ఇవ్వరు."

ఆవిడ కాసేపు డ్రమ్ముల కేసి చూసింది. తర్వాత ఠీక్ హై అంది. నోట్లు లెక్కపెట్టకుండానే పూలకుండీ కింద పెట్టింది. టీ ఇచ్చింది, కేకు ముక్క ఇచ్చింది, దొర వాడిన కర్రలూ స్టూలూ కూడా పట్టుకుపొమ్మంది.

వ్యాన్ రిక్షా బల్ల మీద సెట్టు కట్టుకుని వస్తుంటే క్వార్టర్లన్నీ బయటికొచ్చాయి. చర్చి ముందు దింపేసరికి ఎస్తేరమ్మ ఆసుపత్రి చీర మార్చుకోకుండానే పరిగెత్తుకొచ్చింది. ముత్యపు మెరుపు మీద చెయ్యి వేసి, తీసేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని మళ్ళీ వేసింది. ఎంతకిచ్చినాది అని అడిగింది. పద్దెనిమిది వందలకని చెబితే, ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది.

"నాను ప్రార్థనలో అదే అడిగినానురా బావూ. ఉన్నదానికే రావాల, ఒకరి దగ్గర సెయ్యి సాపకూడదని. ఆ ధర నువ్వడిగినావా, ఆవిడే అన్నాదా?"

చుట్టూ ఆడవాళ్ళందరూ అతని నోటికేసే చూస్తున్నారు. బేరమాడానని చెబితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. మావాడు గట్టివాడే అని నవ్వుకుని పోయేవాళ్ళు. కానీ ఎస్తేరమ్మ కళ్ళల్లో నీళ్ళు చూస్తూ ఆ మాట అనడానికి ఆమోసుకి నోరు రాలేదు.

"ఆవిడే అన్నాది అత్తా," అన్నాడు.

ఇంకేముంది. స్తోత్రం, స్తోత్రం అంటూ ఆడవాళ్ళు అక్కడే మోకరించారు. పాస్టరు జ్ఞానప్రకాశం గారు చెప్పులేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు. మేలు పొందినవాడు ఆదివారం లేచి సంఘం ముందు సాక్ష్యం చెప్పడం అక్కడి పద్ధతి. చెప్పకపోతే దేవుడి మేలు దాచినట్టు. ఆమోసు లేచి చెప్పాడు. మెట్ల దగ్గర రెండు మాటలైన అబద్ధం, చర్చి లోపల మైకు ముందు పెరిగి పెద్దదయింది. తను నోరు విప్పకముందే దొరసాని సరిగ్గా మన సొమ్మెంతో అంతే అడిగిందని చెప్పాడు. పాస్టరు గారు ఆ రోజు తయారు చేసుకున్న ప్రసంగం పక్కనబెట్టి దీనిమీదే గంటసేపు చెప్పారు. పిడికెడు పిడికెడూ లెక్కపెట్టుకున్న దేవుడు అన్నారు. ఎస్తేరమ్మ ఏడుస్తూనే ఉంది. ఆమోసు తల వంచుకుని కూర్చుంటే, అబ్బ, ఎంత తగ్గింపూ వినయమూ గలవాడో అనుకున్నారు.

ఆ తర్వాత అతని బతుకు బతుకులా లేదు. సాయంత్రాలు చర్చి వెనకగదిలో కూర్చుని తుప్పు వదలగొట్టేవాడు. కట్టు మెరిసేకొద్దీ సిగ్గు ముంచుకొచ్చేది. తను రోగమని చెప్పిందల్లా రోగం కాదని ఆ ఇనుమే వెక్కిరిస్తున్నట్టుండేది. ఇంటికొస్తే భార్య సూసన్న, ఈ మేలు మన చేతులమీదుగా జరిగినాదని వీధంతా చెప్పుకొచ్చేది. వర్క్‌షాపులో పక్క బెంచీ గణపతిరావు, మీ దేవుడు బేరాలు కూడా ఆడతాడేటి, మా ఇంటి కొనుగోలుక్కూడా ఓసారి పంపించు బావా అని నవ్వేవాడు. అదివరకైతే ఆమోసు దానికి రెండింతలు అంటించేవాడు. ఇప్పుడు ఆకురాయి తీసుకుని ఇనుము మీద మరింత గట్టిగా రుద్దేవాడు.

డ్రమ్ముల్ని దేవుడికి అర్పించే ప్రతిష్ఠ ఆరాధనకి దొరసానిని పిలవాలని పాస్టరు గారికి తోచింది. ఆమోసు అడ్డం పడ్డాడు. ఆవిడ మూటాముల్లె సర్దుకునే హడావుడిలో ఉంటుంది, ఇబ్బంది పెట్టడమెందుకన్నాడు. ఇబ్బందేటి, దేవుడు ఎవరి నోట పలికించాడో ఆ మనిషిని సంఘం చూడొద్దా అని ఆయన స్వయంగా సైకిలెక్కి వెళ్ళి పిలిచొచ్చారు. ఆవిడ వస్తానందట. ముందుగా వెళ్ళి ఆవిడ కాళ్ళమీద పడదామని ఆమోసు ఆ బంగళా గేటుదాకా వెళ్ళాడు. వరండా బోసిగా ఉంది, చెక్కపెట్టెలు కట్టివున్నాయి, లోపల ఆవిడ ఎవరితోనో మాట్లాడుతోంది. గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడి, నిలబడి, వెనక్కొచ్చేశాడు. ఇంట్లో ఆలస్యమేమని అడిగితే సైకిలు ట్యూబు పంచరన్నాడు. ఒకసారి మొదలెడితే అబద్ధాలు అలాగే నోటికొస్తుంటాయి.

ప్రతిష్ఠ రోజున చర్చి కిటకిటలాడింది. అవతలి పేట చర్చికి జారుకున్న కుర్రాళ్ళు కూడా తిరిగొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. డ్రమ్ములు వేదిక మీద అందరికీ కనపడేలా పెట్టారు, వాటి వెనక ఆమోసు. దాక్కుందామన్నా చోటు లేదు. దొరసాని పూల గౌను వేసుకుని, నెత్తిన టోపీతో వచ్చింది. ఆమెని మొదటి కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. పాస్టరు గారు పిడికెడు బియ్యం సంగతీ, పద్దెనిమిది వందల సంగతీ, ఆమోసు నోరు విప్పకముందే ఆవిడ అంతే అడిగిన సంగతీ పూసగుచ్చినట్టు చెప్పారు. ఆవిడకి అర్థం కాదేమోనని మళ్ళీ హిందీలో చెప్పారు. చెప్పి, మైకు ఆవిడ ముందు పెట్టి, అమ్మా, ఆ ధర మీ నోట పెట్టిందెవరో మీరే సంఘానికి చెప్పండి అన్నారు.

ఆవిడ మైకు దగ్గరకి లాక్కుంది. తల తిప్పి డ్రమ్ముల వెనక ఉన్న ఆమోసుని చూసింది. ఆ చూపులో కోపముంటే భరించేవాడే. అయిపోయింది, ఇప్పుడు చెబుతుంది, నా పరువు గంగలో కలిసిపోతుంది, పోనీ, పీడా వదులుతుంది అనుకున్నాడు. నిజంగానే అప్పుడతనికి కాస్త ఊపిరి ఆడింది. ఆవిడ తర్వాత ఎస్తేరమ్మని చూసింది. ఎస్తేరమ్మ రెండు చేతులూ జోడించుకుని, నోరు కొంచెం తెరుచుకుని, ఆవిడ మాట కోసం కాచుకుని ఉంది.

"నా నోటితోనే అన్నాను," అంది దొరసాని. "ఏమోస్ చెప్పింది కరెక్ట్."

చర్చి దద్దరిల్లింది. ఎస్తేరమ్మ ఆ వారం పోగైన బియ్యం సంచి తెచ్చి, వేలం వెయ్యకుండా, ఇది నీ దారి బత్తెం దొరసానమ్మా అని ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ వద్దనలేదు. ఆ సంచిని రెండు చేతులతో పట్టుకుని ఎస్తేరమ్మ చెంప మీద ముద్దు పెట్టుకుంది.

పాటకి ముందు ఆవిడ వెళ్ళిపోతానంటే, సంచి మొయ్యడానికి ఆమోసునే పంపారు. సంచి రిక్షాలో పెట్టి, మేమ్‌సాబ్, నాను, అని మొదలెట్టాడు.

"కలకత్తా వాయిద్యాల కొట్టాయన ఒకడు, నా సామాను అమ్మకం సంగతి విని నీకన్నా ముందే వచ్చాడు," అంది ఆవిడ నెమ్మదిగా. "ఆరు వేలన్నాడు. ఇవ్వలేదు. అది నీకు ఇమ్మని డెరిక్ చెప్పాడు, పోయేముందు. ధర తెలీదని నీకు నేను అబద్ధం చెప్పాను. నువ్వు నిజం ధర చెబుతావు, అప్పుడు డబ్బు వద్దు, తీసుకుపో, అందామనుకున్నాను. ఏం తీసుకుంటున్నాడో తెలిసిన మనిషికి ఇవ్వాలని."

ఆమోసుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరికే వచ్చేదాన్ని దొంగిలించినవాణ్ణి ఏమంటారో అతనికి ఏ భాషలోనూ తెలియదు. ఇప్పుడే లోపలికెళ్ళి అందరి ముందూ చెప్పేస్తానన్నాడు.

"వద్దు," అంది. "ఆ ముసలమ్మ ముఖం చూశావు కదా. నేను అబద్ధం చెప్పింది నీ కోసం కాదు."

రిక్షా వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఆవిడా వెళ్ళిపోయింది. ఆమోసు లోపలికొచ్చి కర్రలు తీసుకున్నాడు. పాట మొదలైంది. అతను అంత బాగా ఎప్పుడూ వాయించలేదని అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ అంటారు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, చేతులు ఖాళీగా లేవు తుడుచుకోవడానికి. పాటయ్యాక ఎస్తేరమ్మే వేదికెక్కి తన కొంగుతో అతని ముఖం తుడిచింది.

"ఎందుకురా ఏడస్తన్నావు? దేవుడు మన పక్కనే ఉన్నాడు గాదా?"

"ఔనత్తా," అన్నాడు ఆమోసు.

ఆ తర్వాత ఏటా కోత పండక్కి ఆ సాక్ష్యం చెప్పమని సంఘం అతన్నే లేపేది. కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్ళ కోసం, కొత్త కోడళ్ళ కోసం, ఎదిగొచ్చిన పిల్లల కోసం. మొదట్లో జ్వరమనీ, డ్యూటీ అనీ తప్పించుకోబోయాడు. ఎస్తేరమ్మ ఇంటికొచ్చి కూర్చునేది. దాంతో వెళ్ళి చెప్పేవాడు. ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా చెప్పేవాడు. ఆమె బతికుండగా నిజం చెప్పకూడదు, ఆమె పోయాక చెప్పేద్దాం, అని ఒక గడువు పెట్టుకుని రోజులు ఈడ్చుకొచ్చాడు. ఆ ఆలోచన వచ్చినందుకు కూడా సిగ్గుపడేవాడు, ఆమె చావు కోసం చూస్తున్నట్టయిందని.

పంతొమ్మిదివందల తొంభై ఆరులో ఎస్తేరమ్మ పోయింది. చర్చిలో శవపెట్టె ముందు నిలబడి పాస్టరు గారు ఆమె జీవితం చెప్పారు. ఆసుపత్రి మంచం మీద ఆఖరిసారి ప్రార్థన చేయించుకున్నాక, నీ బతుకులో దేవుడు చేసిన మేలేమిటమ్మా అని అడిగితే, మొగుడి సంగతి చెప్పలేదట, ఉద్యోగం సంగతి చెప్పలేదట. మా పిడికిళ్ళు ఆయన లెక్కపెట్టినాడు అయ్యగారూ, ఆమోసునడగండి, అందట. చర్చిలో అందరూ అతని వైపు తిరిగారు.

ఆమోసు కర్రలు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. అదే సాక్ష్యం మొదటినుంచీ చివరిదాకా, ఎప్పటిలాగే చెప్పాడు.